ఫైరింజను వచ్చేలోపు

అగ్నిమాపక సేవకు మొదటి కొలత కాలం, రెండవ కొలత నీరు. మనుషులు, యంత్రాలు, చట్టాలు ఈ రెండింటి తర్వాతనే లెక్కకు వస్తాయి. నిప్పు పుట్టిన క్షణానికీ దానిమీద మొదటి ధార పడిన క్షణానికీ నడుమ గడిచిన వ్యవధిని బట్టే కాలిపోయేది ఒక గడ్డివామా, ఒక కొట్టమా, ఒక వీధి మొత్తమా అన్నది తేలుతుంది. దేశంలో అగ్నిమాపక వ్యవస్థకు ప్రమాణాలు సూచించే స్థాయీ సలహా సంఘం గ్రామీణ ప్రాంతాలకు ఈ వ్యవధిని 20 నిమిషాలుగా పెట్టింది. కర్నూలు జిల్లా నుంచి విడివడి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో, ఆళ్ళగడ్డ నుంచి అహోబిలానికి సుమారు 25 కిలోమీటర్ల దూరం ఉంది. నీళ్ళు నిండిన బరువైన బండి గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని దారిలో ఎక్కడా తగ్గించకుండా వెళ్ళినా, ఫోను అందుకోవడానికీ సిబ్బంది బండెక్కడానికీ ఒక్క నిమిషం కూడా పట్టలేదనుకున్నా, ఆ ప్రయాణానికే 37 నిమిషాలకు పైగా కావాలి. ఇది ఎవరి అలసత్వానికీ సంబంధించిన విషయం కాదు, దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే ఫలితం. ఆ మధ్యకాలంలో మంట దగ్గర ఉండేది ఇరుగుపొరుగు జనమే. ఆ జనం చేసే పనికి ఒక పేరు, కొంత శిక్షణ, కొన్ని పరికరాలు, చట్టపరమైన రక్షణ కల్పించిన ఏర్పాటును చాలా దేశాల్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళం అంటారు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో ఆ పని ఎప్పటినుంచో ఉంది గాని, దానికి ఆ పేరూ లేదు, ఆ ఏర్పాటూ లేదు.

‘అగ్నిమాపక’ అన్న మాటనే ఒకసారి గమనించవచ్చు. కన్నడిగులు ‘అగ్నిశామక’ అంటారు, అంటే అగ్నిని శమింపజేసేది. అది పూర్తిగా సంస్కృత సమాసం. తెలుగువారి మాటలో మొదటి సగం సంస్కృతం కాగా, రెండవ సగంలో వినిపించేది పలక మీద రాతను మాపడం, గోడ మీద మరకను మాపడం అన్నప్పటి ‘మాపు’. సంస్కృతంలో ‘మాపక’ అంటే కొలిచేది కాబట్టి వైయాకరణులు ఈ సమాసాన్ని చూసి నొసలు చిట్లించవచ్చు. అయినా జనం నాలుక మీద అది నిలిచిపోయింది. వాడుకలో మాత్రం బండి పేరు ఫైరింజను, అందులో వచ్చేవాడు ఫైర్‌మన్, ఆ బండి నిలిచే చోటు ఫైర్ స్టేషన్.

స్వచ్ఛంద దళం అంటే తీరిక దొరికినప్పుడు వచ్చి సాయపడే దయామయుల గుంపు అన్న అభిప్రాయం సరైనది కాదు. జర్మనీలో పెద్ద నగరాలను మినహాయిస్తే అగ్నిమాపక భారమంతా ఇటువంటి దళాలే మోస్తున్నాయి. సుమారు పది లక్షలమంది అందులో సభ్యులు. వడ్రంగి, బడిపంతులు, రైతు, కార్ల మెకానిక్కు ఎవరి పనిలో వారు ఉంటూనే పిలుపు రాగానే బయలుదేరతారు; యజమాని వారిని వదలక తప్పదు, ఆ గంటల జీతాన్ని స్థానిక ప్రభుత్వం యజమానికి భర్తీ చేస్తుంది, గాయపడితే బీమా వర్తిస్తుంది. ఆస్ట్రియాలో జీతగాళ్ళ దళాలు ఉన్న నగరాలు ఆరే. మిగిలిన దేశమంతా స్వచ్ఛంద దళాలదే. జపానులో ఏడు లక్షల పైచిలుకు మంది ఇటువంటి సభ్యులను చట్టం పాక్షికకాల ప్రభుత్వోద్యోగులుగా పరిగణిస్తుంది. ఈ మూడు దేశాల్లోనూ స్వచ్ఛందమైనది చేరడం ఒక్కటే. చేరిన తర్వాత శిక్షణ, హాజరు, క్రమశిక్షణ, ఆజ్ఞాపాలన అన్నీ నిర్బంధమే.

భారతదేశపు పాత సంప్రదాయం ఇందుకు దాదాపు తలకిందులు: ఇక్కడ చేరడమే నిర్బంధం, శిక్షణ మాత్రం లేదు. మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో శ్యామశాస్త్రి గుర్తించి 1909లో ప్రచురించిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరాధికారి విధులను చెప్పే అధ్యాయం ఉంది. వేసవిలో పగటిపూట ఇంట్లో పొయ్యి వెలిగించకుండా బయట వండుకోవాలని, కప్పుల మీది గడ్డినీ చాపలనూ తీసివేయాలని, నిప్పుతో పనిచేసే వృత్తులవారు ఒకేచోట నివసించాలని, వీధుల్లోనూ కూడళ్ళలోనూ నీటి కుండలను వేల సంఖ్యలో వరుసలుగా ఉంచాలని ఆ అధ్యాయం నిర్దేశిస్తుంది. ప్రతి గృహస్థుడూ సిద్ధంగా ఉంచుకోవలసిన సామగ్రిలో అయిదు కుండలు, పెద్ద కాగు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, కప్పు గడ్డిని పట్టి లాగే పనిముట్టు, తోలుతిత్తి కనిపిస్తాయి. ఈ జాబితాను ఊహించి రాసినవాడు కాక, మంటను దగ్గరగా చూసినవాడు తయారుచేశాడని చెప్పడానికి ఆ కప్పు లాగే పనిముట్టు ఒక్కటే చాలు. పూరికప్పు అంటుకున్నప్పుడు నీళ్ళు చల్లడం కంటే పక్క ఇంటి గడ్డిని పీకి కింద పడవేయడమే వీధిని కాపాడుతుంది. ఇక మంటను చూసి కూడా పరుగెత్తిరాని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు జరిమానా. అజాగ్రత్తవల్ల నిప్పు పెట్టినవాడికి 54 పణాలు. సొంతదారు బాధ్యత అద్దెదారు బాధ్యతకు రెట్టింపన్న సూక్ష్మం ఇందులో గమనించదగినది.

ఇదే నిర్బంధం పందొమ్మిదో శతాబ్దంలో మరో రూపంలో నంద్యాల ప్రాంతానికి వచ్చింది. కర్నూలు నవాబుల పాలన 1839లో అంతమైన తర్వాత కొంతకాలం ప్రత్యేకాధికారి ఏలుబడిలో ఉన్న ఈ భూభాగం 1858లో మద్రాసు రాజధానిలో కలెక్టరు జిల్లా అయింది. ఆ సంవత్సరపు మొదటి శాసనమే మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం. చెరువు కట్టకో కాలువ గట్టుకో గండి పడే ప్రమాదం ఏర్పడితే ఊళ్ళోని ఒళ్ళు వంచగలిగిన మగవారిని పనికి పిలిచే అధికారాన్ని అది అధికారులకు ఇచ్చింది. ఆనవాయితీగా ఊరివారు చేయవలసిన మరమ్మతు పనికి రానివారి నుంచి ఆ శ్రమ విలువకు రెట్టింపు వసూలు చేసే వీలు కూడా కల్పించింది. ఊరంతా కలిసి గట్టు కాపాడుకోవడం అంతకుముందు ఆచారం. ఆ ఆచారం బలహీనపడిందని దొరతనం భావించినందువల్లనే దానికి శిక్ష జోడించవలసి వచ్చింది. తర్వాతి రోజుల్లో కుందూనది పొంగినప్పుడు, కర్నూలు–కడప కాలువ గట్లు కోతకు గురైనప్పుడు ఇసుక బస్తాలు మోసిన జనం ఏ చట్టం కిందా వచ్చినవారు కాదు. సాయం చేసే గుణం తగ్గిందా పెరిగిందా అన్న చర్చ నిరర్థకమైనది. ఆ గుణం ఏ పనికి, ఎవరి మాట మీద, ఏ పనిముట్టుతో కదులుతుందన్నదే ఆలోచించవలసినది.

నంద్యాల చుట్టుపక్కల ఊళ్ళలో మంటల స్వభావం అక్కడి పంటలనూ ఇళ్ళనూ అనుసరించి ఉంటుంది. నాపరాళ్ళు పరచి పైన మట్టి కప్పిన మిద్దె సులభంగా అంటుకోదు. దాని పక్కనే పశువుల కోసం వేసుకున్న కొట్టం, కొట్టం వెనుక వరిగడ్డి వామి, వామి పక్కన పొయ్యిలోకి దాచిన పత్తికట్టె నిమిషాల్లో అంటుకుంటాయి. కోతలు ముగిసి వామి వేసే కాలమూ, గాలి పొడిబారి ఎండలు ముదిరే కాలమూ ఒకటే. పొలాల నుంచి గడ్డి ఎత్తుగా నింపుకొని వచ్చే ట్రాక్టరుకు కిందికి జారిన విద్యుత్ తీగ తగలడం ఈ ప్రాంతంలో మంటలకు తరచుగా వినిపించే కారణం. అటువంటప్పుడు డ్రైవరు ట్రాలీని ఇళ్ళ నడుమ వదిలి దూకాడా, ఊరి బయటికి తోలి ఎత్తి దించగలిగాడా అన్న ఒక్క నిర్ణయం మీద ఊరు ఆధారపడుతుంది. ఆ నిర్ణయం తీసుకోవలసిన అరనిమిషంలో ఏ స్టేషనూ అందుబాటులో ఉండదు. గడ్డివామి మంటలో మరొక చిక్కు ఉంది. పైన నీళ్ళు పోస్తే తడిసిన పొర గొడుగులా పనిచేసి లోపలి నిప్పును కాపాడుతుంది. వామిని కొడవళ్ళతో, పారలతో విప్పి పరచి తడపాలి. ఆ పనికి పదిపదిహేనుమంది మనుషులు కావాలి. బండిలో వచ్చేవారు అయిదారుగురు. కాబట్టి బండి వచ్చిన తర్వాత కూడా ఊరి మనుషులు లేకుండా వామి మంట ఆరదు.

పత్తి ఇంకా మొండిది. నంద్యాల చిరకాలంగా పత్తికి పేరుపడిన సీమ. 1906లో ఇక్కడ మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ‘నరసింహ’ రకం ఒకప్పుడు దూరప్రాంతాల రైతులకు కూడా తెలిసినదే. గింజ తీసే జిన్నింగ్ మిల్లులో ఒక రాయో ఇనుప ముక్కో యంత్రంలో పడి నిప్పురవ్వ లేచిందంటే, అది దూదిలో చేరి, బిగించి కట్టిన బేలు నడుమ పొగ కూడా కనిపించకుండా రోజుల తరబడి రాజుకుంటుంది. పత్తిపోగుల మీది సహజమైన మైనం పూత నీటిని లోపలికి పోనివ్వదు. దేశంలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల వెనుక ఉన్నది కూడా పత్తే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో నిలిచిన ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తిబేళ్ళూ, సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రీ ఒకే చోట ఉన్నాయి. పత్తిలో పుట్టిన నిప్పును ఆర్పడానికి దిగిన దళం గంటల తరబడి నీళ్ళు కొడుతూ ఉండగానే ఓడ రెండుసార్లు పేలింది. ఆనాడు మరణించిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది. నంద్యాల ఫైర్ స్టేషను ముందు ఆ వారంలో పిల్లలకు గొట్టాలూ నిచ్చెనలూ చూపించే కార్యక్రమానికి మూలం ఇదే.

నీటి లెక్క కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సాధారణమైన బండి తొట్టిలో సుమారు 4,500 లీటర్లు పడతాయి. ఒక గొట్టం నిమిషానికి 450 లీటర్ల చొప్పున వదిలిందనుకుంటే పది నిమిషాలు, రెండు గొట్టాలు విప్పితే అయిదు నిమిషాలు. ఆ తర్వాత బండి నీళ్ళకు పోవాలి.

తూర్పున నల్లమల మొదలైనచోట మంట తీరు మారుతుంది. ఆకురాల్చే పొడి అడవి కావడంవల్ల జనవరి తర్వాత నేలమీద ఎండుటాకుల పరుపు ఏర్పడుతుంది, దాని నడుమ బోదగడ్డి నిలువునా ఎండి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా అడవికి నిప్పుల కాలం. ఇక్కడ మంట ఎక్కువగా నేలబారుగా పాకుతుంది, పెద్ద చెట్ల కొమ్మలకు ఎక్కడం అరుదు. మొలకలు, పొదలు, నేలమీద గూడు కట్టే పక్షులు, పాకే జీవులు దానికి ఆహుతి అవుతాయి. కారణాలు దాదాపు అన్నీ మనుషులవే. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టుకింద ఆకు కాల్చేవారు, తునికి కొత్త చిగురు కోసం పొదలకు నిప్పు పెట్టేవారు, పశువులకు లేతగడ్డి కోసం వాలు కాల్చేవారు, తేనె దింపడానికి పొగబెట్టేవారు, బీడీ ముక్క విసిరేసేవారు అందులో ఉన్నారు. ఇది శ్రీశైల యాత్రాకాలం కూడా. మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కాలినడకన వెళ్ళే వేలాది భక్తులూ, ఉగాదికి కర్ణాటక నుంచి నడిచివచ్చే భక్తబృందాలూ సరిగ్గా ఈ ఎండుటాకుల మీదుగానే నడుస్తారు. దారి పొడవునా అన్నదానం చేసే స్వచ్ఛంద బృందాలు పొయ్యిలు పెట్టుకుంటాయి. సేవాభావం అడవిలో నిప్పుగా మారే అవకాశమూ, ఆ నిప్పును మొదట చూసి ఆర్పగల చేతులూ ఒకేచోట ఉండడం ఈ దారి విశేషం.

అటవీ మంటకు ఎదురు నిలిచే విధానం ఊరిమంట విధానానికి భిన్నమైనది, ఎందుకంటే అక్కడ నీళ్ళు ఉండవు. మొదటి పద్ధతి అగ్నిరేఖ, అడవి సిబ్బంది మాటలో ఫైర్ లైన్: వేసవికి ముందే దారుల వెంట, కొండవాలు అంచుల వెంట కొన్ని మీటర్ల వెడల్పున గడ్డీ ఆకూ లేకుండా చేసిన పట్టీ, పాకుతూ వచ్చిన మంటకు అక్కడ తినడానికేమీ దొరకదు. రెండవది పచ్చికొమ్మలతో కొట్టడం. వేగంగా కొడితే నిప్పురవ్వలు ఎగిరి వెనుక పడతాయి కాబట్టి, కొమ్మను మంటమీద అదిమి, ఊడుస్తున్నట్టు కాలినవైపుకు లాగాలి. ఈ ఒడుపు తెలిసినవాడికీ తెలియనివాడికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. మూడవది ఎదురుమంట: వచ్చే మంటకు ముందు గీత గీసి అక్కడి నుంచి దానివైపు నిప్పు పెట్టి, రెండు మంటలు కలిసినచోట ఆహారం లేక ఆరిపోయేలా చేయడం. గాలిని చదవడం రానివారి చేతిలో ఇది ప్రాణాంతకం. వీటికి తోడు ఇటీవల ఆకులను ఊది పక్కకు నెట్టే బ్లోయరు యంత్రాలు వచ్చాయి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలు గుర్తించిన వేడి బిందువులను బీటు స్థాయి ఉద్యోగి ఫోనుకు సందేశంగా పంపుతుంది. పాత ఉపగ్రహ పరికరం ఒక కిలోమీటరు చదరాన్ని ఒక చుక్కగా చూసేది, కొత్తది 375 మీటర్ల చదరాన్ని చూస్తుంది. ఆ చుక్క దగ్గరికి నడిచి చేరేది మాత్రం మనిషే; బేస్ క్యాంపుల్లో ఉండే చెంచు యువకులకు కాలిబాటలు తెలిసినంతగా మరెవరికీ తెలియవు.

నంద్యాల ప్రాంతంలో స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి అత్యంత సమీపమైన సంస్థాగత రూపం ఏదని అడిగితే చూపించవలసినది వన సంరక్షణ సమితులనే. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంయుక్త అటవీ యాజమాన్యాన్ని ప్రవేశపెట్టినప్పుడు అడవి అంచు గ్రామాల్లో ఇవి పుట్టాయి. ఊరివారు తమకు కేటాయించిన అడవిని నరకడం నుంచి, మేపు నుంచి, మంట నుంచి కాపాడితే ఫలసాయంలో వాటా పొందుతారన్నది ఒప్పందం. సేవకు ప్రతిగా జీతం కాక హక్కు ఇచ్చిన ఈ ఆలోచన, అగ్నిమాపక చరిత్రలో అరుదైనది. వాటా నిజంగా చేతికందిన చోట సమితి మంటను తనదిగా భావించింది, అందని చోట మంట అటవీశాఖదిగానే మిగిలింది. ఆ మేరకు ఈ ప్రయోగం మనుషుల స్వభావం కంటే ఒప్పందపు అమలు మీదనే ఎక్కువ వెలుగు ప్రసరింపజేస్తుంది.

స్వచ్ఛంద సేవకు హద్దు ఎక్కడన్నది కూడా నంద్యాల చరిత్రలోనే కనబడుతుంది. 2020 జూన్ 27న పట్టణ సమీపంలోని ఒక కర్మాగారంలో అమ్మోనియా వాయువు వెలువడి ఒకరు మరణించగా, మరికొందరు అస్వస్థులయ్యారు. అమ్మోనియా గాలికంటే తేలికైనదే అయినా, ద్రవరూపం నుంచి ఒక్కసారిగా వెలువడినప్పుడు అతి చల్లని మేఘంగా నేలను అంటిపెట్టుకొని పాకుతుంది. కళ్ళలోని, గొంతులోని తడిలో కరిగి కాలుస్తుంది. నీటిలో అపారంగా కరిగే గుణమే దానికి విరుగుడు కూడా, అందుకే శిక్షణ పొందిన దళం గాలివాటుకు ఎగువ నుంచి నీటిని తుంపరల తెరగా నిలిపి మేఘాన్ని కడిగివేస్తుంది. గాలిసిలిండరు, ముఖకవచం లేనివాడు ఎంత ధైర్యవంతుడైనా అటువంటి చోటికి పోవడం రక్షించవలసినవారి సంఖ్యను ఒకటి పెంచడమే అవుతుంది. పాడుబడ్డ బావిలో దిగి స్పృహతప్పినవాడి కోసం మరొకడు దిగడం, అతనికోసం ఇంకొకడు దిగడం తెలుగు పత్రికలు చదివేవారికి కొత్త వార్త కాదు. మురుగుగుంటల్లోనూ ఇదే జరుగుతుంది. స్వచ్ఛంద దళానికి ఇచ్చే శిక్షణలో సగభాగం ఎప్పుడు ముందుకు పోకూడదో నేర్పడమే.

రోడ్డు ప్రమాదాల విషయంలో చట్టం సాటి మనిషి పక్షాన స్పష్టంగా నిలిచింది. కర్నూలు నుంచి నంద్యాల, సిరివెళ్ళ, ఆళ్ళగడ్డ, చాగలమర్రి మీదుగా కడపవైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద గాయపడినవాడిని మొదట తాకేది లారీ క్లీనరో, గొర్రెల కాపరో, టీ కొట్టు మనిషో. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ అంబులెన్సును పల్లెకు తెచ్చింది గాని, పోలీసు కేసు భయం మాత్రం చాలాకాలం పోలేదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయపడినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ ద్వారా 134ఎ సెక్షను చేరి, సదుద్దేశంతో సాయం చేసినవాడు సివిల్, క్రిమినల్ బాధ్యతల నుంచి మినహాయింపు పొందాడు. పేరు చెప్పడం కూడా అతని ఇష్టమే.

మంటల విషయంలో భారతీయ చట్టం స్వచ్ఛంద సేవకుడికి కొన్ని చొక్కాలు కుట్టించింది గాని, అవి చిన్న పట్టణాల కొలతలకు కుట్టినవి కావు. హోంగార్డు వ్యవస్థ 1946 డిసెంబరు 6న బొంబాయిలో పౌర స్వచ్ఛంద దళంగానే పుట్టింది. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతటా పునర్వ్యవస్థీకరణ జరిగింది. కాలక్రమంలో అది ట్రాఫిక్ కూడలిలో, కార్యాలయ ద్వారంలో దినభత్యం మీద ఏళ్ళ తరబడి పనిచేసే ఉద్యోగమైపోయింది. 2015లో సుప్రీంకోర్టు వారిని క్రమబద్ధీకరించనవసరం లేదంటూనే, పోలీసు కనీస వేతనానికి సమానమైన భత్యం ఇవ్వాలని చెప్పవలసి వచ్చింది. 1968 నాటి పౌర రక్షణ చట్టం శత్రుదాడులను దృష్టిలో పెట్టుకొని వచ్చినది. 2009 సవరణతో విపత్తులు కూడా దాని పరిధిలోకి చేరినా, 2025 మే 7న దేశమంతటా జరిగిన పౌర రక్షణ విన్యాసాల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి కనబడినది విశాఖపట్నమే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో వరద ముప్పు గల 30 జిల్లాల్లో ఒక్కో జిల్లాకు 200 మంది చొప్పున మొదలుపెట్టి, 2021 తర్వాత 350 జిల్లాలకు, లక్షమందికి విస్తరింపజేసిన ‘ఆపద మిత్ర’ పథకంలో పన్నెండు రోజుల శిక్షణ, పరికరాల సంచి, బీమా ఉన్నాయి. దాని లెక్క జిల్లాను బట్టి సాగుతుంది. మంట మాత్రం వీధిని బట్టి పుడుతుంది. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15 తర్వాత కొన్నేళ్ళపాటు ‘వాలంటీరు’ అన్న మాట యాభై ఇళ్ళకు ఒకరుగా నెలకు 5,000 రూపాయల గౌరవభృతి మీద పనిచేసినవారికి స్థిరపడిపోయినందువల్ల, ఇప్పుడు ఆ మాటను ప్రతిఫలం లేని సేవకు వాడితే వినేవారు ముందు భృతి ఎంత అని అడిగే పరిస్థితి ఉంది. భాషలో ఒక మాట అర్థం మారితే ఒక వ్యవస్థను నిర్మించడం కూడా కష్టమవుతుంది.

కేరళలో దారి వేరుగా సాగింది. 2018 వరదల్లో మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించి లోతట్టు జిల్లాలకు తెచ్చి వేలమందిని కాపాడిన తర్వాత, ఆ ప్రభుత్వం 2019లో అగ్నిమాపక శాఖ కిందనే పౌర రక్షణ దళాన్ని మంజూరు చేసింది: 124 ఫైర్ స్టేషన్లు, స్టేషనుకు 50 మంది, మొత్తం 6,200. జిల్లాకు బదులు స్టేషనును కొలతగా తీసుకోవడంలోనే ఈ ఏర్పాటు వివేకం ఉంది. పిలిచేవాడికీ పలికేవాడికీ ముఖపరిచయం ఉంటుంది. బండిలోని గొట్టపు కప్లింగు ఎటు తిప్పితే బిగుస్తుందో యాభైమందికీ చేతి అలవాటవుతుంది.

అదే కొలతను ఆళ్ళగడ్డకు పెట్టి చూస్తే ఆ యాభైమంది ఎవరన్న ప్రశ్నకు ఊరే సమాధానం ఇస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్ళగడ్డ శిల్పకళలో టన్నుల బరువున్న రాతిని మనిషి మీద పడకుండా ఎత్తడం, తిప్పడం, దించడం నిత్యకృత్యం. మిద్దె కూలి రాళ్ళకింద చిక్కినవాడిని బయటికి తీయడానికి అవసరమైన గడ్డపారలు, గొలుసు కప్పీలు, ఏ రాయిని ముందు కదల్చకూడదన్న చూపు ఆ పనివాళ్ళకు ఉన్నంతగా మరెవరికీ ఉండవు. నీళ్ళ ట్యాంకరు ఉన్న ట్రాక్టరు యజమాని, ఫీడరు ఆపించగల లైన్‌మన్‌కు నేరుగా ఫోను చేయగలవాడు, బావుల్లో ఈత నేర్చినవాడు, రుద్రవరం వైపు అడవిబాటలు తెలిసినవాడు, అహోబిలం మెట్లమీద డోలీ మోసినవాడు ఈ పట్టికలో చేరతారు. ఇందులో పదాతి సైన్యపు కవాతు నేర్వవలసినవారు ఎవరూ లేరు; ఎవరి పనిముట్టు ఎక్కడుందో, ఎవరి మాట ఎవరు వినాలో ముందుగా తేల్చుకోవడమే అసలు పని. వారిలో ఒకరికి చేయి విరిగితే ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి ఎవరు భరిస్తారన్నది కూడా ముందే తేలాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాసిపెట్టి ఉండకపోతే, మొదటి సంవత్సరపు ఉత్సాహం రెండవ వేసవిని దాటదు.

ఇక నీటి సంగతి. బండిలోని 4,500 లీటర్లు పది నిమిషాల్లో ముగిశాక మళ్ళీ నింపవలసిన చోటు ఈ ప్రాంతంలో చూడటానికి చాలా దగ్గరగా కనిపిస్తుంది, ఎందుకంటే కాలువలూ బోర్లూ ఎటుచూసినా ఉన్నాయి. అయితే మంటలు ఎక్కువయ్యే నెలల్లోనే కర్నూలు–కడప కాలువ ఎండి ఉంటుంది. వ్యవసాయానికి ఇచ్చే తొమ్మిది గంటల కరెంటు పగటిపూటదే కావడంవల్ల, రాత్రి అంటుకున్న వామికి పక్క పొలంలోని బోరు నుంచి ఒక్క బిందె కూడా రాదు. అప్పుడు మిగిలేది ఊరి తాగునీటి ట్యాంకు. దాని కింద బండి గొట్టానికి సరిపోయే కప్లింగు బిగించి ఉండాలి. రాత్రి పదకొండు గంటలకు ఆ వాల్వు గది తాళంచెవి ఎవరింట్లో ఏ మేకుకు వేలాడుతుందో తెలిసినవాడు ఆ యాభైమందిలో ఒకడై ఉండాలి.